బాబుకి జి6పిడి ‘నార్మల్’ వచ్చింది, మళ్లీ ఎందుకు చేయించాలి?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. మా బాబుకి ఏడేళ్లు. పోయిన నెల జ్వరమొచ్చి, మూత్రం పోసేటప్పుడు మంట అంటుంటే ఊళ్లో ఆర్‌ఎంపీ మాత్రలిచ్చాడు. మూడో రోజుకి మూత్రం కాఫీ డికాషన్ లాగా వచ్చింది. కళ్లు పచ్చబడ్డాయి, పిల్లోడు లేచి నిలబడలేకపోయాడు. నెల్లూరు తీసుకుపోతే హిమోగ్లోబిన్ 5.9 అన్నారు, ఆ రాత్రే రక్తం ఎక్కించారు. బిలిరుబిన్ మొత్తం 4.6, అందులో డైరెక్ట్ 0.6. ఎస్‌జీఓటీ 96, ఎస్‌జీపీటీ 28, ఎల్‌డీహెచ్ 1480. కూంబ్స్ నెగటివ్. మర్నాడు రక్తం తీసి చేసిన జి6పిడి, హెచ్‌పీఎల్‌సీ రెండూ నార్మల్. ఆరో రోజున రెటిక్ 12 శాతం, పీసీవీ 24. ఎర్రకణాలు పగిలిపోయే జబ్బు అని చెప్పి, మూడు నెలలాగి జి6పిడి మళ్లీ చేయించమన్నారు. ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు. నార్మల్ వచ్చినదాన్ని మళ్లీ చేయించడం ఎందుకు? కామెర్లే గదా, పసరు పోయిద్దాం అంటోంది మా అత్త. మా తమ్ముడికి కూడా చిన్నప్పుడు రెండుసార్లు కామెర్లు వచ్చాయి. నాకిప్పుడు అయిదో నెల. కడుపులో బిడ్డకి కూడా వస్తుందేమోనని భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, ఆ డాక్టరు చెప్పింది సరైన మాట. మూడు నెలల తర్వాతి పరీక్షను దయచేసి మానేయకండి. జి6పిడి అనేది ఎర్రకణాల్లోని ఒక ఎంజైమును చూసే పరీక్ష, రక్తం ఎక్కించిన మర్నాడు చేసినదాన్ని నమ్మడానికి లేదు. ఎందుకో చెప్పేముందు మీ దగ్గరున్న కాగితాలు ఏం చెబుతున్నాయో చూద్దాం. ఈ కాగితాలు మీకు అర్థమైతే రేపు ఇంకో డాక్టరు దగ్గర సరైన ప్రశ్న మీరే అడగగలుగుతారు.

ఎర్రకణం మామూలుగా 120 రోజులు బతుకుతుంది. ముసలిదైన కణాన్ని ప్లీహం, లివర్ తొలగిస్తాయి, ఎముక మూలుగ కొత్తదాన్ని పుట్టిస్తుంది. గడువు తీరకముందే కణాలు పగిలిపోవడాన్ని హిమోలిసిస్ అంటారు. అవసరమైతే మూలుగ తన పనిని ఆరు నుంచి ఎనిమిది రెట్ల దాకా పెంచుకోగలదు. అందుకే కణాలు నెమ్మదిగా పగిలే జబ్బుల్లో ఏళ్ల తరబడి కళ్లు కొంచెం పచ్చగా ఉండటం తప్ప ఇంకేమీ తెలియదు. మీ బాబుకి అంతా రెండు మూడు రోజుల్లో జరిగిపోయింది. మూలుగ అందుకునే లోపే హిమోగ్లోబిన్ పడిపోయింది.

బిలిరుబిన్ 4.6లో 4.0 ఇన్‌డైరెక్ట్. పగిలిన కణాల్లోంచి వచ్చే బిలిరుబిన్ ఈ రకమే. లివర్ బాగుండి, హిమోలిసిస్ ఒక్కటే ఉంటే మొత్తం బిలిరుబిన్ మామూలుగా 5 దాటదు. 8, 10 ఉంటే లివర్ సంగతి కూడా చూడాల్సి వస్తుంది. ఎస్‌జీపీటీ 28 అంటే లివర్ కణాలు దెబ్బతినలేదు. మరి ఎస్‌జీఓటీ 96 ఏమిటని మీకు అనుమానం రావచ్చు. ఆ ఎంజైము ఎర్రకణాల్లోనూ ఉంటుంది, అవి పగిలితే పెరుగుతుంది. ఎల్‌డీహెచ్ సంగతీ అంతే. ఇవి చూశాక మీ బాబుది లివర్ కామెర్లు కాదని గట్టిగా చెప్పొచ్చు.

మూత్రం రిపోర్టు ఉంటే ఒకసారి తీసి చూడండి. పట్టీ పరీక్షలో రక్తం మూడు ప్లస్సులు ఉండి, మైక్రోస్కోపు కింద ఎర్రకణాలు సున్నా లేదా ఒకటి రెండే కనబడ్డాయని రాసి ఉంటే, రక్తనాళాల్లోనే కణాలు పగిలి హిమోగ్లోబిన్ నేరుగా మూత్రంలోకి దిగిందని అర్థం. కండరాలు దెబ్బతిన్నా ఇలాగే కనిపిస్తుంది. అప్పుడు సీపీకే అనే కండరాల ఎంజైము బాగా పెరుగుతుంది, బిలిరుబిన్ మాత్రం పెరగదు. ప్లీహంలో నెమ్మదిగా పగిలే జబ్బుల్లో మూత్రం ఇంత నల్లగా రాదు. అంటే మీరు రాసిన ఆ కాఫీ డికాషన్ రంగే కారణాల జాబితాను సగానికి తగ్గించేసింది.

రెటిక్ అంటే మూలుగలోంచి అప్పుడే బయటికొచ్చిన పసి ఎర్రకణాలు. మామూలుగా 2, 2.5 శాతానికి మించవు. మొత్తం కణాలే తక్కువగా ఉన్నప్పుడు ఆ శాతం ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది కాబట్టి సరిచేసుకోవాలి: రెటిక్‌ను పీసీవీతో (రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే అంకె) గుణించి, ఆ వయసుకి ఉండాల్సిన పీసీవీతో భాగించాలి. ఏడేళ్ల పిల్లాడికి 36 అనుకుంటే, 12 × 24 ÷ 36 = 8. సరిచేసినా 8 ఉందంటే మూలుగ చక్కగా పనిచేస్తోంది, లోటు పగిలే చోటే ఉంది. రెటిక్ పెరగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. మొదటి రోజే చేయించి తక్కువ వచ్చిందని మూలుగ జబ్బేమోనని కంగారు పడేవాళ్లున్నారు. ఆ తొందర అక్కర్లేదు.

ఇప్పుడు జి6పిడి విషయం. అది ఎర్రకణంలో ఉండే ఎంజైము. కొన్ని మందులు, కొన్ని రసాయనాలు, జ్వరాలు కణాన్ని లోపల ఆక్సీకరణతో దెబ్బతీస్తాయి. ఆ దెబ్బను కాచుకోవడానికి కావలసిన సరుకును ఈ ఎంజైమే తయారుచేయిస్తుంది. ఎర్రకణానికి కేంద్రకం ఉండదు కాబట్టి ఒకసారి అరిగిపోయిన ఎంజైమును మళ్లీ తయారుచేసుకోలేదు. కణం ముసలిదయ్యేకొద్దీ ఎంజైము తగ్గిపోతుంది. పుట్టుకతోనే ఎంజైము బలహీనంగా ఉన్నవాళ్లలో ముసలి కణాలకు కాచుకునే శక్తి ఇంచుమించు ఉండదు. సరిపడని మాత్ర పడగానే ముందు పగిలేవి అవే. నాలుగో రోజుకి ఒంట్లో మిగిలేవి ఎంజైము కాస్త ఎక్కువున్న లేత కణాలు. ఆ సమయంలో రక్తం తీసి కొలిస్తే లోపం ఉన్నవాడికీ నార్మల్ రావచ్చు.

దానికి తోడు మీ బాబుకి అంతకుముందు రాత్రే రక్తం ఎక్కించారు. ఆ నమూనాలో మూడో వంతు దాకా దాత కణాలే ఉండి ఉండొచ్చు. హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే హెచ్‌పీఎల్‌సీకి కూడా ఇదే ఇబ్బంది. తలసీమియా క్యారియర్‌ను (జబ్బు బయటపడకుండా దాని జన్యువును మోసేవాళ్లను) పట్టించే హెచ్‌బీఏ2 (3.5 శాతం పైన ఉంటే అనుమానం) దాత రక్తం కలిసినప్పుడు కిందికి దిగి కనిపించవచ్చు. కాబట్టి మూడు నెలల తర్వాత ఆ రెండూ కలిపే చేయించండి. దాత కణాలు చాలావరకు పోవడానికి, బాబు సొంత కణాలు వయసు మీదపడటానికి ఆ గడువు కావాలి.

అంతవరకు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మీ తమ్ముడు ఉన్నాడుగా. అతనికి ఇప్పుడు జ్వరం లేదు, ఈమధ్య రక్తం ఎక్కించలేదు అనుకుంటే, అతని జి6పిడి రేపే చేయించవచ్చు. జి6పిడి లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. మేనమామకి, మేనల్లుడికి ఉండి, మధ్యలో ఉన్న తల్లికి ఏ లక్షణమూ లేకపోవడం ఈ జబ్బు కుటుంబాల్లో నడిచే తీరు. మీ తమ్ముడికి తక్కువ వస్తే, మీ బాబు సంగతి మూడు నెలల ముందే సగం తేలిపోయినట్టు. మీ రాతలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది ఆ తమ్ముడి మాటే. ఆసుపత్రిలో ఎవరూ అడిగి ఉండకపోవచ్చు, మీరే చెప్పండి.

పరీక్ష చేయించేటప్పుడు నాలుగు సంగతులు చూసుకోండి. ఒకటి, స్పాట్ టెస్ట్ కాకుండా పరిమాణం కొలిచే పరీక్ష అడగండి, ఫలితం ఒక గ్రాము హిమోగ్లోబిన్‌కి ఇన్ని యూనిట్లు అని రావాలి. స్పాట్ టెస్టు బాగా తక్కువున్నవాళ్లనే పట్టుకుంటుంది, ఆడవాళ్లలో సగం లోపం ఉన్నా నార్మల్ అనేస్తుంది. రెండు, నార్మల్ హద్దులు ల్యాబును బట్టి మారతాయి, అంకె పక్కన ఆ ల్యాబు హద్దులు రాసి ఉన్నాయో లేదో చూడండి. మూడు, అదే నమూనాలో రెటిక్ కూడా చేయించండి. రెటిక్ ఇంకా ఎక్కువగా ఉంటే, ఆ రోజు జి6పిడి నార్మల్ వచ్చినా నమ్మకూడదు. నాలుగోది రక్తం ప్రయాణం. కావలిలో కలెక్షన్ సెంటర్‌లో తీసిన రక్తం ఊదా రంగు మూత గొట్టంలో చల్లటి పెట్టెలో వెళ్లాలి, గడ్డకట్టేంత చలి తగలకూడదు. మే నెల ఎండలో సంచిలో పడేసి పంపితే ఎంజైము దారిలోనే తగ్గిపోతుంది. వీలైతే నెల్లూరులోనో ఒంగోలులోనో పరీక్ష చేసే ల్యాబుకే పొద్దున్నే వెళ్లి ఇవ్వండి.

సన్న సూదితో గట్టిగా లాగినా, సిరంజిలోంచి గొట్టంలోకి నొక్కి వదిలినా గొట్టంలోనే కణాలు పగిలి ఎల్‌డీహెచ్, పొటాషియం పెరిగి కనిపిస్తాయి. ఏ లక్షణమూ లేని మనిషికి ఎల్‌డీహెచ్ ఒక్కటే పెరిగి ఉంటే ముందు ఇంకోసారి రక్తం తీయించడం మేలు.

మళ్లీ ఎప్పుడైనా ఇలా జరిగితే, రక్తం ఎక్కించక ముందే రెండు ఊదా మూత గొట్టాల రక్తం విడిగా తీసి పెట్టమని, రక్తపు పూత (స్మియర్) అప్పుడే వేయమని అడగండి. ఆ గాజుపలక మీద కనిపించేది మళ్లీ దొరకదు. అంచు కొరికేసినట్టున్న కణాలుంటే జి6పిడి, మధ్యలో తెల్లదనం లేని గుండ్రటి చిన్న కణాలుంటే స్ఫీరోసైటోసిస్ (కణాలు పుట్టుకతోనే గుండ్రంగా ఉండే జబ్బు) గానీ ఇమ్యూన్ జబ్బు గానీ, ముక్కలైన కణాలుంటే చిన్న రక్తనాళాల్లో అడ్డంకులు. ప్రాణం మీదికి వచ్చిన రాత్రి రక్తం ఎక్కించడం మాత్రం పరీక్షల కోసం ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. గొట్టాల్లోకి రక్తం తీయడానికి పట్టేది రెండు నిమిషాలే.

ఇక కారణం. ఆ మాత్రల అట్ట ఇంట్లో ఉందేమో వెతకండి, లేకపోతే ఆర్‌ఎంపీని పేరు రాసిమ్మని అడగండి. మూత్రంలో మంటకి ఇచ్చే నైట్రోఫ్యురాంటోయిన్ జి6పిడి లోపం ఉన్నవాళ్లకు పడని మందుల్లో ముఖ్యమైనది. మలేరియాకి 14 రోజులు ఇచ్చే ప్రిమాక్విన్, కుష్ఠుకీ కొన్ని చర్మవ్యాధులకీ ఇచ్చే డాప్సోన్, మిథిలీన్ బ్లూ, రాస్‌బ్యూరికేజ్ కూడా అంతే. జ్వరానికి మామూలు మోతాదులో పారాసిటమాల్ వాడొచ్చు. ఏ మాత్రా వేయకుండానే న్యుమోనియా, టైఫాయిడ్, వైరల్ హెపటైటిస్ లాంటి జబ్బులే కణాలను పగలగొట్టిన సందర్భాలు కూడా ఎక్కువే.

ఇంట్లో ఇనప్పెట్టెలో బట్టల మధ్య వేసే కలరా ఉండలు తీసేయండి, అంటే నాఫ్తలీన్ ఉండలు. బిడ్డ మింగనక్కర్లేదు, ఆ ఆవిరి పట్టిన దుప్పటి కప్పినా చాలు. గోరింటాకు కూడా ఆపండి. జి6పిడి లోపమున్న చిన్నపిల్లలకు ఒంటికి గోరింటాకు పూసినప్పుడు ప్రాణాపాయమైన హిమోలిసిస్ వచ్చినట్టు వైద్య పత్రికల్లో నమోదై ఉంది, ఆషాఢమైనా సరే మీ బాబుకి వద్దు. బీన్స్ తినకూడదని ఎక్కడో చదివి చిక్కుడుకాయ, గోరుచిక్కుడు మాన్పించేస్తుంటారు. అపాయం ఫావా అనే వేరే మొక్క గింజలతోనే, మన పెరట్లో కాసే చిక్కుడుతో కాదు.

మూడు నెలల తర్వాత జి6పిడి నిజంగానే నార్మల్ వస్తే? అప్పుడు మిగతావి చూడాలి. అప్పటికీ ప్లీహం తగులుతూ, రెటిక్ ఎక్కువగా ఉంటే హెరిడిటరీ స్ఫీరోసైటోసిస్ మీద అనుమానం వెళ్లాలి. మామూలు సీబీసీలో ఎంసీహెచ్‌సీ (కణాల్లో హిమోగ్లోబిన్ చిక్కదనం) 36 దాటడం దానికి చవకైన ఆనవాలు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్లు వచ్చి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ఈఎంఏ బైండింగ్ పరీక్షతో నిర్ధారిస్తారు. కూంబ్స్ నెగటివ్ రావడం శరీరం తన కణాలనే తాను నాశనం చేసుకునే ఇమ్యూన్ రకాన్ని చాలావరకు కొట్టేస్తుంది, కానీ కొద్దిమందిలో ఆ జబ్బు ఉన్నా నెగటివ్ వస్తుంది. సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ తర్వాత పిల్లల్లో తీవ్రంగా వచ్చే రకంలో కూంబ్స్ పాజిటివ్‌గా ఉంటుంది. లివర్ కూడా దెబ్బతిని కూంబ్స్ నెగటివ్‌గా ఉన్న పెద్దపిల్లల్లో, యువకుల్లో విల్సన్ వ్యాధిని (ఒంట్లో రాగి పేరుకుపోయే జబ్బు) మర్చిపోకూడదు. ఇలాంటి లోతైన పరీక్షలకు మన జిల్లావాళ్లు తిరుపతి స్విమ్స్‌కో, వేలూరు సీఎంసీకో వెళ్తుంటారు. వెళ్లేటప్పుడు మొదటి రోజు నుంచి అన్ని కాగితాలూ, రక్తం ఎక్కించిన తేదీతో సహా తీసుకెళ్లండి.

ఇదే జబ్బు పేరు చూసి భయపడే పెద్దవాళ్ల కోసం ఒక మాట. ఎల్‌డీహెచ్ వేలల్లో, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ కొంచెం ఎక్కువ, హిమోగ్లోబిన్ 5 లేక 6, కానీ రెటిక్ తక్కువ, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 110 పైన ఉంటే అది చాలాసార్లు బి12 లోపం. కణాలు మూలుగలోనే పూర్తిగా తయారుకాకుండా పగిలిపోతుంటాయి, కాగితం మీద అచ్చం హిమోలిసిస్ లాగే ఉంటుంది. మాంసం, పాలు రెండూ తక్కువ తీసుకునే ఇళ్లలో ఇది ఎక్కువ. కొన్ని ఇంజెక్షన్లతో వారం తిరిగేసరికి రెటిక్ లేస్తుంది. ఆ ఒక్క పరీక్ష చేయించక పెద్ద జబ్బుల పేర్లు విని ఊళ్లు తిరిగే అవస్థ చాలా బాధాకరం.

పొలం పనుల్లో ఉన్నవాళ్లకి ఇంకో రెండు ఉన్నాయి. రక్తపింజర కాటు వేస్తే రక్తం గడ్డకట్టకపోవడంతో పాటు కణాలు కూడా పగలొచ్చు. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూసే పరీక్ష ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చేయవచ్చు. పొదలకూరు వైపు నిమ్మతోటల్లో బోర్డో మిశ్రమానికి వాడే మైలుతుత్తం పొరపాటున కడుపులోకి పోయినా ఒకటి రెండు రోజుల్లో ఇలాగే మూత్రం నల్లబడుతుంది. డాక్టరు అడగకపోయినా ఆ సంగతి చెప్పాలి. ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి, స్మియర్‌లో ముక్కలైన కణాలు కనిపించి, మనిషి మాట తడబడుతుంటే అది గంటల్లో చూడాల్సిన జబ్బు. పెద్ద ఆసుపత్రికి అప్పటికప్పుడే తీసుకెళ్లాలి.

పసరు వద్దమ్మా. మీ అత్తగారు మనవడి మీద ప్రేమతోనే అంటున్నారు, ఆమెకి ఇలా చెప్పి చూడండి: జి6పిడి లోపంలో ముసలి కణాలు పగిలిపోయాక మిగిలిన కణాలు తట్టుకుంటాయి కాబట్టి పగలడం వారం పది రోజుల్లో చాలామందికి తనంతట తానే ఆగిపోతుంది. ఆ సమయంలో ఏది పోసినా తగ్గినట్టే కనిపిస్తుంది. మీ తమ్ముడికి రెండుసార్లూ పసరుతోనే తగ్గిందని మీ ఇంట్లో అనుకుని ఉండొచ్చు. పసరులో ఏముందో మనకి తెలియదు, కణాలను మళ్లీ పగలగొట్టేది అందులోనే ఉండే అవకాశముంది. చేతి మీద వాతలు పెట్టించడం అసలే వద్దు. మీ బాబు లివర్‌కి జబ్బు లేదు గనక నూనె, పప్పు మాన్పించే పథ్యం కూడా అక్కర్లేదు, కడుపునిండా తిననివ్వండి.

రక్తం తక్కువైందని ఐరన్ టానిక్ కూడా మీ అంతట మీరు మొదలుపెట్టకండి. ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెరిటిన్ తక్కువుందని తేలితేనే ఐరన్. కొత్త కణాలు పుట్టడానికి ఫోలిక్ యాసిడ్ కొన్నాళ్లు రాసి ఉంటే అది వాడండి. మూత్రం మళ్లీ నల్లబడినా, తక్కువగా వస్తున్నా, పిల్లాడు ఆయాసపడుతున్నా, మగతగా పడుకుంటున్నా ఊళ్లో ఎవరికీ చూపించకుండా నేరుగా నెల్లూరు ఆసుపత్రికి. పగిలిన హిమోగ్లోబిన్ కిడ్నీలను దెబ్బతీయగలదు.

మీ కడుపులో బిడ్డ సంగతి. మీరు క్యారియర్ అయితే పుట్టే ప్రతి మగబిడ్డకీ లోపం ఉండే అవకాశం సగం, ప్రతి ఆడబిడ్డకీ మీలాగే క్యారియర్ అయ్యే అవకాశం సగం. తండ్రి నుంచి కొడుక్కి ఇది రాదు. మీది మేనరికమో కాదో రాయలేదు. మీ వారికి కూడా లోపం ఉంటే ఆడబిడ్డకి కూడా పూర్తి లోపం రావచ్చు, అందుకని ఆయన పరీక్ష కూడా చేయించండి. మీకు ఆడపిల్ల పుట్టి, పెద్దయ్యాక మేనమామకిద్దామనే మాట ఇంట్లో వస్తే ఈ సంగతి అప్పుడూ గుర్తుంచుకోవాలి.

ఇప్పటినుంచి ప్రతి చెకప్‌లో మీ బాబు సంగతి, తమ్ముడి సంగతి చెప్పి తల్లి కార్డు మీద రాయించుకోండి. గర్భంలో మూత్రంలో మంట వస్తే నైట్రోఫ్యురాంటోయిన్ రాస్తుంటారు, వేసుకునే ముందు డాక్టరుకి గుర్తుచేయండి. కాన్పయ్యాక బొడ్డుతాడు రక్తంలోనే జి6పిడి చేయించవచ్చు, ముందే అడిగి పెట్టుకోండి. మొదటి 24 గంటల్లోనే పచ్చదనం కనిపిస్తే అది మామూలు పసికామెర్లు కాదు, వెంటనే బిలిరుబిన్ చూడాలి. కనిపించకపోయినా ఇంటికి పంపేముందు ఒకసారి, మూడు నుంచి అయిదు రోజుల మధ్య ఇంకోసారి చూపించండి. పొద్దుటి ఎండలో పడుకోబెట్టడం ఆసుపత్రిలో లైటు కింద పెట్టే ఫొటోథెరపీకి సాటిరాదు, బిలిరుబిన్ మెదడుకెక్కితే ఆ నష్టాన్ని మళ్లీ పూడ్చలేం. పొత్తిళ్లకు, చిన్న చొక్కాలకు కలరా ఉండల వాసన తగిలిన పాత బట్టలు వాడకండి, పుట్టింటికి వెళ్లేటట్టయితే అక్కడి పెట్టెలు కూడా ముందే చూడమని మీ అమ్మగారికి చెప్పండి. పాలిచ్చే రోజుల్లో మీరు వేసుకునే మందుల పేర్లు కూడా పిల్లల డాక్టరుకి చూపించండి, కొన్ని పాలలోకి దిగుతాయి.